ఇటుకబట్టీల చెంత ఒడియా బాలలు: వారి చదువునకు తగిన ఏర్పాట్లు

వలస యనునది మనకు క్రొత్త విషయము కాదు. పనికై ఊరు విడుచుట, పని ముగియగానే మరలి వచ్చుట, మరుసటి యేట మరల బయలుదేరుట పాలమూరు పల్లెలకును, శ్రీకాకుళపు పల్లెలకును తరతరములుగా తెలిసినవే. పాలమూరు మేస్త్రీల వెంట వెళ్ళిన కూలీలు దేశమందలి పెక్కు ఆనకట్టల నిర్మాణమున పాల్గొనిరి. ఐనను మన విద్యావిధానము మాత్రము ప్రతి బిడ్డకును ఒక ఊరు, ఒక బడి, ఒక హాజరుపట్టీ ఉండునను తలపుతో ఏర్పడినది. ఆ తలపునకు లొంగని బిడ్డలు కొద్దిమంది కారు. 2013 నాటికి భారతదేశమున, ఋతువును బట్టి వలసపోవువారు గల గ్రామీణ కుటుంబములలో 6 నుండి 14 ఏండ్ల వయస్సు గల బాలలు 1 కోటి 7 లక్షలమంది ఉన్నట్లు యునెస్కో 2018లో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక తెలుపుచున్నది. వీరందరు తల్లిదండ్రుల వెంట ప్రయాణము చేయుదురని దీని అర్థము కాదు. కొందరు తాతల యొద్ద ఉండిపోవుదురు. కాని ఎటులైనను ఆ కుటుంబముల రాకపోకలు వీరి చదువును తాకకుండ ఉండవు.

ఈ విశాలమైన విషయమునంతయు మేమిచ్చట చర్చింపబూనుట లేదు. పశ్చిమ ఒడిశా నుండి తెలుగునాట ఇటుకబట్టీల పనికి వచ్చు కుటుంబముల బాలలను మాత్రము ఉదాహరణముగా గైకొని, వీరికొరకు బడి తన్ను తాను ఏయే విషయములలో మార్చుకొనవలసియున్నదో పరిశీలింతుము. ఇందు తెలుగు ఉపాధ్యాయులకును, భాషాపరిశోధకులకును ప్రత్యేకమైన బాధ్యత యొకటి కలదని మా అభిప్రాయము. అది యెట్టిదో వ్యాసము యొక్క ఉత్తరభాగమున తెలియగలదు.

బలాంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాలలో పెక్కు భాగము వర్షాధారమైన సేద్యము గలది. వరి చేతికి వచ్చిన పిమ్మట ఊరిలో పని దొరకుట కష్టము. ఇచ్చటినుండి వెళ్ళు కూలీలకు 'దాదన్' కూలీలని పేరు. ఆ పేరుతోనే ఒడిశా శాసనసభ 1975లో ఒక చట్టమును చేసినది. అంతర్రాష్ట్ర వలస కార్మికులను గూర్చి 1979లో పార్లమెంటు చేసిన చట్టమునకు ఈ దాదన్ కూలీల దుస్థితియే ముఖ్యప్రేరణ. క్రొత్తబియ్యపు పండుగయైన నువాఖాయి భాద్రపద శుద్ధ పంచమినాడు, అనగా మన వినాయకచవితి మరునాడు వచ్చును. ఆ పండుగ దినములలోను, తరువాతను సర్దారు అనబడు మధ్యవర్తి వచ్చి బయానా ఇచ్చును. ఆ బయానా ఒక మనిషికి గాక ఒక జట్టునకు ఇయ్యబడును. భార్య, భర్త, వారితో ఒకరిద్దరు పిల్లలో మరియొక బంధువో కలిసిన ఈ జట్టును 'పథురియా' యందురు.

ఈ మాటను మేము ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము కలదు. బట్టీలో కూలి వేయి ఇటుకలకు ఇంత యని కట్టబడును గాని దినమునకు ఇంత యని కాదు. అచ్చుతీసిన పచ్చి ఇటుకను ఎండకు త్రిప్పిపెట్టు చిన్నచేయి కూడ ఈ లెక్కలోనికి వచ్చును. అందుచే బిడ్డ బడికి పోయినచో బయానా తీర్చవలసిన జట్టులో ఒక భాగము తగ్గినట్లే. దీనిని గమనింపక, ఆ తల్లిదండ్రులకు చదువుపై శ్రద్ధ లేదని తేల్చివేయుట సులభము, కాని న్యాయము కాదు. వేతనముల విషయమును బడి సరిదిద్దజాలదు. అయినను బడివేళలను నిర్ణయించునప్పుడు ఆ సంగతి నెరిగియుండవచ్చును. అచ్చుపోత ఎండ ముదరక మునుపు, తరచుగా తెల్లవారుజాముననే, సాగును. తల్లిదండ్రులతోపాటు లేచిన బిడ్డ తొమ్మిది గంటలకు నిద్రలో ఉండుట వింత కాదు. మరియొకటి: పదేండ్ల ఆడపిల్ల ఒడిలో ఏడాది తమ్ముడు ఉండును. తమ్ముని రానీయని తరగతికి అక్కయు రాదు. బట్టీ చెంత అంగన్‌వాడీ కేంద్రము లేక బడి పెట్టినయెడల, ఆ బడికి మగపిల్లలే మిగులుదురు.

నవంబరు మొదలు మే, జూను వరకు బట్టీల కాలము. జూనులో తన ఊరి బడి తెరచునప్పుడు బిడ్డ అచ్చటనే ఉండును. నాలుగైదు నెలలు చదువును. పిమ్మట రైలెక్కి రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి, కరీంనగర్, పెద్దపల్లి జిల్లాలలోని ఏదియో బట్టీకి చేరును. తెలంగాణ బడులలో జూను 12న మొదలైన పాఠములు అప్పటికి సగము గడచియుండును. ఏప్రిలు చివర బడి మూతపడును. బట్టీ మాత్రము సాగుచుండును. స్వగ్రామపు పట్టీలో ఆరు నెలలు గైరుహాజరు; ఇచ్చటి పట్టీలో పేరే యుండదు. బడిలో లేని పిల్లలను వెదకి చేర్చుకొను 'బడిబాట' కార్యక్రమము తెలంగాణమున జూను మాసమున జరుగును. ఉపాధ్యాయులు ఊరూర తిరుగు ఆ దినములలో బట్టీలు ఖాళీగా ఉండును. బట్టీలు నిండిన దినములలో వెదకువారుండరు.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ఈ రాకపోకలలో అనిశ్చితమైనది దాదాపుగా ఏమియు లేదు. తుపానువలన చెదరిన కుటుంబమునకు ముందుగా ఏర్పాటు చేయుట దుస్సాధ్యము. ఏటేట అదే మాసమున, అవే జిల్లాలనుండి, అవే మండలములకు వచ్చు కుటుంబములకు చేయుట సాధ్యమే. వీరు పంచాంగమువలె తిరుగుచున్నారు. వీరి తిథులు బడి క్యాలెండరులో లేకపోవుటయే లోపము. డిసెంబరు మొదటి పక్షమున, బట్టీలున్న మండలములలో మాత్రము, రెండవ బడిబాటను జరిపినచో అందుకు పెద్ద ఖర్చు కానేరదు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1న అమలునకు వచ్చినది. వలస కుటుంబముల పిల్లలకు ప్రవేశము కల్పించుట స్థానిక ప్రభుత్వము యొక్క విధి యని దాని 9వ విభాగము చెప్పుచున్నది. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని 4వ విభాగము, వయోనిర్ధారణ పత్రము లేదను కారణమున ప్రవేశము నిరాకరింపరాదని 14వ విభాగము విధించుచున్నవి. బదిలీపత్రము ఆలస్యమైనంత మాత్రమున బిడ్డను నిలుపరాదని 5వ విభాగము స్పష్టపరచినది. ఇవి మేలైన విధులే. అయినను 5వ విభాగము తలచిన బదిలీ, ఒక బడిని విడిచి మరియొక బడికి పోవుట. మన బిడ్డ విడుచుట లేదు, పోయి వచ్చుచున్నాడు. ప్రతి సంవత్సరము రెండు బదిలీపత్రములు తీసికొనుట ఏ తల్లికి సాధ్యము? పేరు కొట్టివేయించుకొన్నచో స్వగ్రామమున ఏకరువు దుస్తులు, పుస్తకములు పోవునను భయమును కలదు. అందుచే పేరు స్వగ్రామపు పట్టీలోనే ఉండనిచ్చి, పనిచోటి బడిలో అతిథివిద్యార్థిగా హాజరు వ్రాయుటయే తగిన మార్గము. గుజరాతులో వలసకార్డుల పేర ఇట్టి ఏర్పాటును అమలు చేసిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పంటల వెంట తిరుగు వ్యవసాయకూలీల పిల్లలకై 1966లోనే ప్రత్యేక విద్యాకార్యక్రమము చట్టబద్ధమైనది. పిల్లల చదువు, ఆరోగ్య వివరములను రాష్ట్రమునుండి రాష్ట్రమునకు పంపుటకు లిటిల్ రాక్ నగరమున ఒక కేంద్రమును కూడ నెలకొల్పిరి. అది 1990ల నడుమ వరకు పనిచేసినది. దానిని పేర్కొనుటలో మా ఉద్దేశము అనుకరణము కాదు. పట్టీయే బిడ్డ వెంట నడవవలెనను ఆలోచన అర్ధశతాబ్దికి పైబడిన దని తెలుపుటయే.

మన దేశమున జరిగిన ప్రయత్నములు రెండు దారులు పట్టినవి. మొదటిది బిడ్డను స్వగ్రామమునందే నిలుపుట. ఒడిశాలోని వలసజిల్లాలలో తల్లిదండ్రులు బయట ఉన్న నెలలకై పిల్లలకు ఋతుకాల వసతిగృహములు ఏర్పడినవి. రెండవది బడిని పనిచోటికి కొనిపోవుట. మహారాష్ట్రమున చెరకునరుకు కూలీల పిల్లలకై చక్కెర కర్మాగారముల యొద్ద 'సాఖర్ శాల'లు నడచినవి. రంగారెడ్డి జిల్లాలో సర్వశిక్షా అభియాన్ కాలమున, ఒడిశా పాఠ్యపుస్తకములను తెప్పించి, ఒడియా తెలిసినవారిచే బట్టీల యొద్ద బోధన జరిపించిరి. ఈ రెండింటిలో ఏది మేలు అను వాదము నిష్ప్రయోజనమని మా భావము. ఎనిమిది, తొమ్మిది ఏండ్లు దాటిన బిడ్డ, తాత అవ్వలు దగ్గరనే ఉన్నయెడల, వసతిగృహమున ఉండి పరీక్షలు వ్రాయగలడు. ఐదారేండ్ల బిడ్డను తల్లి విడిచిరాదు, విడువుమని మనము చెప్పను రాదు. చిన్నబిడ్డలకు బట్టీ యొద్దను, పెద్దవారికి ఊరియందును ఏర్పాట్లు జరుగవలెను. 2017లో కేరళలోని ఎర్ణాకుళం జిల్లాలో మొదలైన 'రోష్ని' పథకము మరియొక రీతి. హిందీ, వంగము, ఒడియా ఎరిగిన స్వచ్ఛందబోధకులు పిల్లల ఇంటిభాషనుండి మలయాళమునకు మాట మార్చుచు పాఠము చెప్పుదురు. కాని అచ్చటి కుటుంబములలో పెక్కు ఏడాది పొడవునను ఆ ఊరనే నివసించుచున్నవి. ఆరు నెలలకు వచ్చు బట్టీ కుటుంబములకు ఆ పద్ధతిని యథాతథముగా దించుట పొసగదు.

ఇక బిడ్డకు ఏ భాషలో చెప్పవలెను? ఈ ప్రశ్న వేసికొనునప్పుడు, ఇతర ప్రాంతములకు వలసపోయిన తెలుగువారికి దొరకిన వసతిని ఒకమారు స్మరించుట అవసరము. బొంబాయి నిర్మాణమున పనిచేసిన కామాఠీల పేర అచ్చట కామాఠీపుర వెలసినది. ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో పాఠశాలలు నడపుటకు పేరుగన్నది. అందు తెలుగు ఒకటి. సూరతు నగరపాలక సంస్థయు, మగ్గపు కార్మికుల పిల్లలకొరకు, గుజరాతీతోపాటు తెలుగు, ఒడియా మాధ్యమములలో బడులు నడపినది. కుటుంబములు ఇంగ్లీషు బడుల వైపు మొగ్గుటవలన ఆ తెలుగుబడులలో పిల్లల సంఖ్య తగ్గుచు వచ్చినది, అది వేరుకథ. పరాయిభాషీయుడైన కార్మికుని బిడ్డకు తన భాషలో పలక పట్టించుట అసాధ్యము కాదని ఆ బడులు రుజువు చేసినవి. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము కోరునదియు ఇదియే.

కాని ఆ నగరములలో కుటుంబములు ఒకే పేటలో స్థిరపడియుండెను. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక ప్రమాణమును నిర్ణయించినది: బడి మొత్తముమీద 40 మంది, లేక తరగతిలో 10 మంది ఒక అల్పసంఖ్యాక భాషవారున్నయెడల వారి భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. ఈ ప్రమాణము పేటలకు సరిపోవును. బట్టీల యొద్ద ఆరు ఈడుల పిల్లలు ఒకేచోట కలిసియుందురు. ఏ ఒక్క తరగతికి పదిమంది లెక్కకు రావడము అరుదు. మరుసటి యేడు ఆ కుటుంబములు అదే బట్టీకి వచ్చునను నమ్మకము లేదు. కాబట్టి బట్టీకొక ఒడియా పాఠశాల అనునది నిలువదు. ఒడియా పుస్తకము నడచుచుండగా, ప్రక్కన తెలుగు మెల్లగా ప్రవేశించు బోధనము కావలెను. దానికి తగిన వాచకము మనయొద్ద లేదు. తెలుగు శాఖల పని ఇచ్చట మొదలగును.

ముందుగా తెలియవలసినది, ఈ బిడ్డకు ఒడియా పుస్తకమే పూర్తిగా ఇంటిభాష కాదు. పశ్చిమ ఒడిశా కుటుంబములు మాటలాడునది సంబల్పురి. దీనినే కోసలి యనియు అందురు. పుస్తకము కటకము, పూరీ ప్రాంతముల భాష ననుసరించును. పుస్తకభాషలో పదము చివర నిలుచు అచ్చు సంబల్పురిలో తరచుగా లోపించును. ఇల్లు పుస్తకమున 'ఘర', ఇంట 'ఘర్'. అన్నము పుస్తకమున 'భాత', ఇంట 'భాత్'. కనుక బిడ్డకు పుస్తకపు ఒడియా రెండవది, తెలుగు మూడవది. ఆదివాసి కుటుంబములనుండి వచ్చినవారిలో కొందరికి తెలుగు నాల్గవది.

తెలుగు, ఒడియా లిపులు రెండును బ్రాహ్మినుండి వచ్చినవి. వర్ణమాల క్రమము ఒక్కటే. క, ఖ, గ, ఘ అని ఒడియాలో చదివిన బిడ్డకు తెలుగు వర్ణమాల వరుసను క్రొత్తగా నేర్పనక్కరలేదు; ఆకృతులను మాత్రము చూపిన చాలును. మహాప్రాణములు ఒడియాలో నిత్యవ్యవహారమున ఉన్నవి. 'ఘర', 'భాత' వంటి ఇంటిమాటలలోనే అవి పలుకును. మన పిల్లలు తడబడు 'ఘ, ఛ, భ'లను ఈ బిడ్డ అవలీలగా పలుకగలడు. తరగతిలో అతనిని ముందు నిలిపి పలికించుట మంచి ప్రారంభము. హిందీ పిల్లలకు కష్టమైన 'ళ'కారము ఒడియాలో కలదు. కర్త, కర్మ, క్రియల వరుసయు, విభక్తి నామమునకు పిమ్మట వచ్చుటయు రెండు భాషలకు సమానమే. ఒడియా ఆర్యభాష, తెలుగు ద్రావిడభాష యను భేదమును మాత్రమే తలచి, ఈ బిడ్డకు తెలుగు మిక్కిలి కఠినమగునని భయపడువారు ఈ సామ్యములను గమనింపవలెను.

కష్టములు వేరుచోట్ల ఉన్నవి. ఒడియాలో హల్లుతో కూడిన అకారము అ, ఒ ల నడుమ ధ్వనించును. కనుక బిడ్డ 'కల' అను మాటను 'కొలొ'కు దగ్గరగా చదువును. ఎ, ఏ లకును ఒ, ఓ లకును ఒడియాలో భేదము లేదు. ఇ, ఈ, ఉ, ఊ అను భేదము వ్రాతలో ఉన్నను పలుకుబడిలో అర్థభేదకము కాదు. అందుచే 'మెడ, మేడ'. 'పుట, పూట' అను జంటలు అతని చెవికి ఒక్కటిగానే వినబడును. ద్విత్వములును ఇట్టివే. సంస్కృత 'హస్త', 'సప్త'లు ప్రాకృతమున ద్విత్వములు పొంది, ఒడియాలో ద్విత్వమును విడిచి 'హాత', 'సాత' అయినవి. కనుక 'కల, కల్ల'. 'గడి, గడ్డి' అనువాని భేదమును చెవికి అలవాటు చేయవలెను. వ్యాకరణమున మిక్కిలి చిక్కు లింగము. ఒడియాలో అతడు, ఆమె అను రెండర్థములకును 'సే' యను సర్వనామమే. క్రియ లింగమును బట్టి మారదు. 'అక్క వచ్చాడు' అని బిడ్డ అన్నయెడల తరగతి నవ్వును. ఉపాధ్యాయుడు కారణమెరిగియున్నచో నవ్వడు, నవ్వనీయడు.

అంకెల సంగతి ఎవరును తలపెట్టనిది. ఒడియా ప్రాథమిక పుస్తకములలో ఒడియా అంకెలు వాడబడును. మన బడులలో తెలుగు అంకెలు ఏనాడో వాడుక తప్పినవి. ఒడియా 4 ఆకృతి మనము వ్రాయు 8ని పోలియుండును. గణితమున ఈ బిడ్డ వెనుకబడినాడని నిర్ణయించుటకు ముందు, అతడు నల్లబల్లపై ఏ అంకెను చూచుచున్నాడో విచారింపవలెను. ఇట్టిదే మరియొక వింత: నిండైన గుండ్రని గీత మనకు సున్న, ఒడియా అక్షరమాలలో అది 'ఠ'.

పైని చెప్పినవి ఏ భాషాశాస్త్ర విద్యార్థికైనను తెలియని రహస్యములు కావు. వానిని వాచకముగా మార్చినవారు లేరన్నదే మా బాధ. ఇట్టి పని మనకు అలవాటు లేనిదియు కాదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసి ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధనము మొదలిడినది. తెలుగులిపిలో వాచకములు వెలసినవి. ఆ ఆదివాసి ఒడియా మన్యపు భాష. సంబల్పురికి అది బదులు కాదు. అయినను ఇంటిభాషనుండి తెలుగునకు మెట్లు కట్టిన ఆ అనుభవము బట్టీవాచకమునకు ఉపకరించును. ఆ వాచకమున మొదటి పాఠము 'అమ్మ, ఆవు'లతో కాక, బిడ్డ దినదినము వినుచున్న తెలుగుతోనే మొదలు కావలెను. మేస్త్రీ కేకలు, అంగడి బేరములు, మట్టి, నీరు, ఇటుక, బండి - ఈ మాటలు డిసెంబరు నాటికే అతని చెవిలో ఉండును. ఒక పరిశోధకవిద్యార్థి ఒక ఋతువు బట్టీల యొద్ద కూర్చుండి, పిల్లలు తెలుగును ఏ క్రమమున గ్రహించుచున్నారో వ్రాసికొన్నయెడల, అది సిద్ధాంతవ్యాసమునకును, వాచకమునకును సరిపోవును.

వాచకమునకు ఏండ్లు పట్టినను, అంతకంటె చిన్నపని యొకటి ఈ యేడే చేయదగినది. బిడ్డ తిరిగి పోవునప్పుడు ఒక్క పుటలో అతని చదువు వివరము వ్రాసి ఈయవలెను: ఏయే దినములు వచ్చినాడు, ఒడియాలో ఏ పాఠము వరకు చదివినాడు, గణితమున ఏ లెక్కలు చేయగలడు, తెలుగున ఏమి నేర్చినాడు. తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాసిన కాగితము నువాపడా పల్లెలోని ప్రధానోపాధ్యాయునకు ఎంతవరకు ఉపయోగపడును? శీర్షికలు ఒడియా, తెలుగు లిపులు రెంటను ముద్రించి, నడుమ అంకెలు, గుర్తులు మాత్రము నింపునట్లు చేసినచో, ఒడియా రాని ఉపాధ్యాయుడును దానిని పూర్తి చేయగలడు. దానిపై రెండు బడుల పేర్లును ఉండవలెను. మరియు ఏప్రిలు మూడవ వారము నాటికే అది తల్లి చేతికి అందవలెను. ఆ మరుసటి వారమున బడులు మూతపడును, బట్టీ కుటుంబములు రైలెక్కునది మే, జూనులలో, అప్పటికి సంతకము చేయు ప్రధానోపాధ్యాయుడు ఊరిలో ఉండడు.